స్పీడు పెరిగింది, స్టార్టింగ్ పోయింది: ఇంజిన్ పని చేయించిన స్కూటర్ పొద్దున ఎందుకు మొరాయిస్తుంది

రాత్రి హైవే మీద 90 దాటి పరుగెత్తిన స్కూటర్‌ని పొద్దున పాల ప్యాకెట్ కోసం బయటికి తీద్దామంటే స్టార్ట్ కాదు. సెల్ఫ్ నొక్కితే కుర్రు కుర్రుమని బ్యాటరీ నీరసిస్తుంది. కిక్ కొట్టీ కొట్టీ కాలు పట్టేస్తుంది. పదో కిక్కుకో పదిహేనో కిక్కుకో ఒకసారి తుమ్మి, నల్లటి పొగ వదిలి, ఎలాగో అందుకుంటుంది. ఒకసారి అందుకుంటే ఇక రోజంతా ఏ లోపమూ కనపడదు. ఏనుగు వెళ్లి తోక చిక్కడం అంటే ఇదే. బోర్ కిట్ (పెద్ద సిలిండర్, పెద్ద పిస్టన్) వేయించిన చిన్న స్కూటర్లలో ఇది ఎంత మామూలైపోయిందంటే, పవర్ పెరిగినందుకు ఇదొక పన్ను అనుకుని చాలామంది సర్దుకుపోతున్నారు. నిజానికి సర్దుకుపోవాల్సిన పనిలేదు. లోపం ఎక్కడుందో వెతికే పద్ధతి తెలిస్తే ఇలాంటి బండ్లలో ఎక్కువ భాగం ఒక ఆదివారంలో దారికొస్తాయి.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఇంజిన్‌లో మార్పులు చేయించేవారి చూపంతా పై వేగం మీదే ఉంటుంది. పెద్ద పిస్టన్, గాలినీ పెట్రోలునీ కలిపే పెద్ద కార్బొరేటర్, వాల్వుల్ని తెరిచి మూసే రేసింగ్ క్యామ్, గాలిని వడకట్టే కోన్ ఫిల్టర్, స్పార్క్ ఎప్పుడివ్వాలో చూసే రేసింగ్ సీడీఐ ఇవన్నీ నిమిషానికి ఏడెనిమిది వేల చుట్లు తిరిగే ఇంజిన్ కోసం చేసినవి. సెల్ఫ్ మోటారు తిప్పేటప్పుడు అదే ఇంజిన్ తిరిగేది నిమిషానికి కొన్ని వందల చుట్లే. ఆ వేగంలో గాలికి ఊపు ఉండదు, స్పార్క్‌కి బలం తక్కువ, చల్లటి లోహానికి తగిలిన పెట్రోలు ఆవిరి కాకుండా చుక్కలుగా గోడలకు అంటుకుంటుంది. అందరూ ముందుగా మార్చే మెయిన్ జెట్‌కి (యాక్సిలరేటర్ బాగా తిప్పినప్పుడు పెట్రోలు వదిలే రంధ్రం) ఆ క్షణంలో పనే లేదు. కాబట్టి ‘పైన బాగానే లాగుతోంది కదా, కార్బొరేటర్‌లో తప్పేముంటుంది’ అనే వాదన చెల్లదు. పైన పనిచేసే దారులు వేరు, స్టార్టింగ్‌లో పనిచేసే దారులు వేరు.

మన రోడ్ల మీద ఇప్పటికీ ఎక్కువగా తిరుగుతున్న కార్బొరేటర్ కాలపు యాక్టివా, డియో ఇంజిన్‌నే ఉదాహరణగా తీసుకుందాం. 109 సీసీ ఇంజిన్‌లో బోరు (సిలిండర్ వ్యాసం) 50 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 55.6 మి.మీ. బోరుని 54 మి.మీ.కి పెంచితే 127 సీసీ అవుతుంది. ఇంతవరకు అందరూ వేసుకునే లెక్కే. ఎవరూ వేయని లెక్క కంప్రెషన్‌ది, అంటే సిలిండర్‌లోని గాలి ఎన్నో వంతుకి నొక్కుకుపోతుందన్నది. మొదటి కంప్రెషన్ 9.5కి 1 అనుకుంటే, పిస్టన్ పైకొచ్చాక హెడ్‌లో మిగిలే ఖాళీ సుమారు 12.8 సీసీ. హెడ్‌ని ముట్టుకోకుండా, పిస్టన్ తల ఆకారం మార్చకుండా బోరు మాత్రమే పెంచితే ఇప్పుడు 127 సీసీ గాలి అదే సందులో ఇమడాలి. కంప్రెషన్ దాదాపు 11కి 1కి చేరుతుంది. పిస్టన్ వైశాల్యం కూడా ఆరో వంతు పెరిగింది. సెల్ఫ్ మోటారు పాతదే, బ్యాటరీ పాతదే. అది మోయాల్సిన బరువు మాత్రం పెరిగింది.

ముందు చెవితో వినాలి

పానా చేతిలోకి తీసుకునే ముందు సెల్ఫ్ నొక్కి వింటే సగం సంగతి తెలుస్తుంది. ఇంజిన్ మూలుగుతూ, ఒక్కో కంప్రెషన్ దగ్గర ఆగి ఆగి తిరుగుతోందంటే లోపం పెట్రోలుది కాదు, కరెంటుది. ఈ స్కూటర్లలో ఉండేవి 3 నుంచి 5 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీలు. నిండుగా ఛార్జ్ అయినప్పుడు 12.6 వోల్టులు చూపించే బ్యాటరీ, సెల్ఫ్ నొక్కగానే 10 వోల్టుల కిందికి జారిపోతుంటే దాని పని అయిపోయిందనో, తీగల్లో, ఎర్త్ దగ్గర తుప్పు పట్టిందనో అర్థం. పది నిమిషాల మల్టీమీటర్ పని ఇది. దీన్ని వదిలేసి కార్బొరేటర్ విప్పేవాళ్లే ఎక్కువ.

మోటారు గిర్రున తిరుగుతున్నా ఇంజిన్ కదలకపోతే మోటారు తిప్పుని ఇంజిన్‌కి అందించే పినియనో వన్‌వే క్లచ్చో జారుతోంది. మామూలు కంప్రెషన్‌కి సరిపోయిన అరిగిన క్లచ్ పెరిగిన కంప్రెషన్ ముందు చేతులెత్తేస్తుంది. అందుకే కిట్ వేసిన వారానికే అది బయటపడుతుంది, కిట్టే దాన్ని పాడుచేసిందనిపిస్తుంది.

కిక్ కొడితే ఎదురు తన్నడం ఇంకొక గుర్తు. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు, మడమ ఎముక విరిగే ప్రమాదం ఉంది. పిస్టన్ పైకి రాకముందే మంట అంటుకుంటే ఇంజిన్ వెనక్కి తిరగబోతుంది. కంపెనీ సీడీఐ స్టార్టింగ్ సమయంలో స్పార్క్‌ని ఆలస్యంగా ఇచ్చి, వేగం పెరిగాక ముందుకు జరుపుతుంది. చవకరకం రేసింగ్ సీడీఐలు కొన్ని ఈ తేడా పాటించవు. ఇంకో కారణం కూడా ఉంది. మాగ్నెట్‌ని క్రాంకు మీద సరిగ్గా నిలిపే అర్ధచంద్రాకారపు కీ కొద్దిగా తెగినా మాగ్నెట్ పక్కకు జరిగి టైమింగ్ మారిపోతుంది. ఇంజిన్ పని చేసినప్పుడు మాగ్నెట్ నట్టు సరిగ్గా బిగించకపోతే జరిగేది ఇదే. సీడీఐ మార్చి మార్చి విసిగిపోయాక చివర్లో ఈ కీ దగ్గర తేలే కేసులు ఉంటాయి.

ఇంజిన్ చురుగ్గా తిరుగుతూ కూడా అందుకోకపోతే ప్లగ్ తీసి చూడాలి. ప్లగ్ తడిగా, పచ్చి పెట్రోలు వాసన వస్తుంటే పెట్రోలు చేరుతోంది కానీ అంటుకోవడం లేదు. పొడిగా ఉంటే పెట్రోలే రావడం లేదు. వెతుకులాట మొత్తం ఈ ఒక్క చోట రెండు దారులుగా చీలుతుంది. ప్లగ్‌ని గీకి మళ్లీ పెట్టేసే అలవాటు వల్ల ఎక్కువమంది ఈ సాక్ష్యాన్ని చేజేతులా చెరిపేసుకుంటారు.

తడి ప్లగ్

తడిగా ఉన్నప్పుడు మొదటి అనుమానం స్పార్క్ మీదే. ప్లగ్‌ని క్యాప్‌లో పెట్టి, హెడ్‌కి ఆనించి సెల్ఫ్ నొక్కితే నీలంగా టప్పుమనాలి. ప్లగ్ రంధ్రానికి దూరంగా ఆనించాలి, అందులోంచి వచ్చే పెట్రోలు ఆవిరి అంటుకునే అవకాశం ఉంది. అయితే ఈ పరీక్షలో ఒక మోసం ఉంది. బయటి గాలిలో స్పార్క్ దూకడం తేలిక. సిలిండర్‌లో గాలి నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి అదే సందు దాటడానికి ఎన్నో రెట్లు ఎక్కువ వోల్టేజి కావాలి. కంప్రెషన్ పెరిగిన కొద్దీ ఇంకా ఎక్కువ. అంటే, బయట మెరిసిన ప్లగ్ లోపల ఆరిపోవచ్చు.

ఎన్‌జీకే ప్లగ్ నంబరు చివర 9 ఉంటే దాని సందు 0.9 మి.మీ. కంప్రెషన్ పెంచిన ఇంజిన్‌లో దాన్ని 0.7కి తగ్గించి చూడటం పైసా ఖర్చు లేని మందు. ఆ నంబరులోనే ఇంకో సంగతి ఉంటుంది. ఎన్‌జీకే పద్ధతిలో వేడి అంకె పెరిగిన కొద్దీ ప్లగ్ చల్లనిది. 7 ఉన్నచోట 8 వేస్తే హైవే మీద మంచిదే కానీ, ఇంటికీ ఆఫీసుకీ మధ్య నాలుగు కిలోమీటర్లు తిరిగే బండిలో ఆ ప్లగ్ తన మీది మసిని కాల్చేసుకునేంత వేడెక్కదు. మసి పట్టిన ప్లగ్ పొద్దున స్పార్క్‌ని మింగేస్తుంది. ట్రాక్ మీద వాడే ప్లగ్‌ని కూరగాయల సంచీ మోసే బండికి వేస్తే ఫలితం ఇలాగే ఉంటుంది.

కిక్‌తో అందుకుంటుంది, సెల్ఫ్‌తో అందుకోదు అనే ఫిర్యాదుకి చాలాసార్లు జవాబు సీడీఐలో ఉంటుంది. కొన్ని సీడీఐలు మాగ్నెట్ కాయిల్ నుంచి నేరుగా కరెంటు తీసుకుంటాయి, కొన్ని బ్యాటరీ నుంచి. రెండో రకంలో సెల్ఫ్ మోటారు బ్యాటరీని పీల్చేస్తుంటే స్పార్క్‌కి మిగిలేది అరకొరే. ఇంజిన్ తిరుగుతున్నట్టే ఉంటుంది, స్పార్క్ మాత్రం పస లేకుండా వస్తుంది. సెల్ఫ్ వదిలిన క్షణంలో ఒకసారి అందుకోబోయి ఆగిపోయిందంటే దాదాపు ఇదే కారణం.

స్పార్క్ సవ్యంగానే ఉంటే, పెట్రోలు ఎక్కువై ఇంజిన్ మునిగిపోయినట్టు. చోక్ ఆపేసి, యాక్సిలరేటర్ మొత్తం తిప్పి పట్టుకుని సెల్ఫ్ కొడితే గాలి ఎక్కువగా వెళ్లి తడి ఆరుతుంది. అప్పటికీ కాకపోతే ప్లగ్ తీసి, క్యాప్‌లో మరో ప్లగ్ పెట్టి రంధ్రానికి దూరంగా ఎర్త్ చేసి, కొన్నిసార్లు ఇంజిన్ తిప్పాలి. క్యాప్‌ని గాల్లో వదిలేసి తిప్పితే ఇగ్నిషన్ కాయిల్, సీడీఐ దెబ్బతినొచ్చు.

పొడి ప్లగ్, పెద్ద కార్బొరేటర్

ఎక్కువ బండ్ల రోగం ఇక్కడే ఉంటుంది కాబట్టి ఇక్కడ కాసేపు ఆగాలి.

కార్బొరేటర్‌లోకి పెట్రోలుని ఎవరూ తోయరు. గాలి ఇరుకు దారిలో వేగంగా వెళ్లేటప్పుడు అక్కడ ఒత్తిడి పడిపోయి, కింద గిన్నెలోని పెట్రోలు పైకి లాగబడుతుంది. 18 మి.మీ. గొంతు ఉన్న కార్బొరేటర్ తీసి 24 మి.మీ.ది పెట్టారనుకుందాం. గొంతు వైశాల్యం 1.78 రెట్లయింది. అంతే గాలి వెళ్తే దాని వేగం 56 శాతానికి పడిపోతుంది. లాగే శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది మూడో వంతు కన్నా తక్కువకి దిగుతుంది. సీసీ పెరిగినందువల్ల గాలి కొంచెం ఎక్కువే వెళ్తుంది, కానీ 17 శాతం పెరుగుదల ఈ లోటుని పూడ్చదు. పెద్ద వేగంలో వరంలా కనిపించిన గొంతు చిన్న వేగంలో పెట్రోలుని లాగలేక చతికిలబడుతుంది.

అలాంటప్పుడు స్టార్టింగ్‌లో ఇంజిన్‌కి తిండి ఎక్కడినుంచి వస్తుంది? స్లో మీద పెట్రోలు వదిలే పైలట్ జెట్ నుంచి, చోక్ దారి నుంచి. యాక్సిలరేటర్ మూసి ఉన్నప్పుడు ఇంజిన్ వైపు ఏర్పడే శూన్యం ఈ రెండు దారుల్లోంచి పెట్రోలుని లాగుతుంది. స్లైడ్ కార్బొరేటర్లలో, ఆటో చోక్ కార్బొరేటర్లలో చోక్ అంటే గాలికి అడ్డంగా మూత వేయడం కాదు, అదనపు పెట్రోలుకి ఒక పక్క దారి తెరవడం. యాక్సిలరేటర్ తిప్పిన మరుక్షణం ఆ శూన్యం పోతుంది, పక్క దారి ఎండిపోతుంది. మన అలవాటేమో సెల్ఫ్ నొక్కుతూ చేయి తిప్పడం. చిన్న కార్బొరేటర్ ఈ అలవాటుని క్షమించేది, పెద్దది క్షమించదు. అందుకే చల్లటి ఇంజిన్‌ని యాక్సిలరేటర్ ముట్టకుండా స్టార్ట్ చేసి చూడటం మొదటి పరీక్ష. దీనికి పానా కూడా అక్కర్లేదు.

చోక్ అసలు పనిచేస్తోందా అన్నది తర్వాతి ప్రశ్న. ఆటో చోక్‌లో ఒక చిన్న డబ్బీలో మైనం ఉంటుంది. ఇంజిన్ నడుస్తుంటే వచ్చే కరెంటుతో అది వేడెక్కి, వ్యాకోచించి, ఒక సూదిని ముందుకు నెట్టి అదనపు పెట్రోలు దారిని కొన్ని నిమిషాల్లో మూసేస్తుంది. ఇంజిన్ చల్లారాక సూది వెనక్కి రావాలి. మూసుకున్న చోటే పట్టేస్తే పొద్దున చోక్ లేనట్టే. తెరుచుకున్న చోటే ఆగిపోతే ఇంజిన్ వేడెక్కాక మునిగిపోతుంది, మైలేజీ పడిపోతుంది. డబ్బీని విప్పి 12 వోల్టుల బ్యాటరీకి కలిపి కొన్ని నిమిషాలు ఆగితే సూది బయటికి జరగడం కళ్లకే కనిపించాలి. కొత్త కార్బొరేటర్ పెట్టినప్పుడు ఈ తీగలు ఎక్కడో వేలాడదీసి వదిలేయడం, చోక్ కేబుల్‌కి తగిన కొక్కెం లేదని ఆ దారిని మూసేయడం మామూలుగా జరిగేవే. అలాంటి బండి మే నెలలో బాగానే ఉంటుంది, డిసెంబరులో లంబసింగి వైపు వెళ్లినప్పుడు చుక్కలు చూపిస్తుంది.

ఇక పైలట్ జెట్. మెయిన్ జెట్ మార్చి దీన్ని వదిలేయడం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే పొరపాటు. కేహిన్ జెట్ మీది నంబరు రంధ్రం వ్యాసాన్ని నూరో వంతు మిల్లీమీటర్లలో చెబుతుంది. 35 నుంచి 38కి వెళ్తే చూడటానికి మూడు నంబర్ల తేడానే, రంధ్రం వైశాల్యం మాత్రం 18 శాతం పెరుగుతుంది. పైన చూసిన 127 సీసీ ఇంజిన్ పెరుగుదలకి ఇది దగ్గర దగ్గర సరిపోతుంది. కాబట్టి 45 కోసమో 50 కోసమో పోవాల్సిన పనిలేదు.

సరిపోయిందో లేదో మిక్చర్ స్క్రూ చెబుతుంది. ముందు అది ఏ రకమో చూసుకోవాలి. స్క్రూ ఫిల్టర్ వైపు ఉంటే గాలిని అదుపు చేస్తుంది, లోపలికి బిగిస్తే పెట్రోలు పాలు పెరుగుతుంది. ఇంజిన్ వైపు ఉంటే అది పెట్రోలుని అదుపు చేస్తుంది, బయటికి తిప్పితేనే పెట్రోలు పెరుగుతుంది. ఈ తేడా తెలియకుండా ‘మిక్చర్ తిప్పడం’ వల్ల చెడిన బండ్లకు లెక్కలేదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, స్లో మీద నిలకడగా వేగంగా తిరిగే చోటు దొరికేదాకా స్క్రూని మెల్లగా తిప్పాలి. గాలి స్క్రూ దాదాపు మొత్తం బిగిస్తేనే ఆ చోటు దొరుకుతోందన్నా, పెట్రోలు స్క్రూ మూడు చుట్లకు మించి విప్పితే గానీ దొరకడం లేదన్నా పైలట్ జెట్ చిన్నదని అర్థం. దీనికి వ్యతిరేకంగా ఉంటే జెట్ పెద్దది. ఆ తర్వాత స్లో స్పీడుని కంపెనీ చెప్పిన దగ్గర, అంటే ఈ యాక్టివా ఇంజిన్లలో 1,700 చుట్ల ప్రాంతంలో నిలపాలి. దాన్ని అడ్డదిడ్డంగా పెంచి లోపాన్ని కప్పిపుచ్చితే సెంట్రిఫ్యూగల్ క్లచ్ పట్టుకుని బండి నిలబడ్డ చోట ముందుకు తోస్తుంది.

జెట్ ఎంత సరైనదైనా దొంగగాలి దూరుతుంటే లాభం లేదు. కార్బొరేటర్‌కీ హెడ్‌కీ మధ్య ఉండే మానిఫోల్డు 18 మి.మీ.కి చేసినది, దానికి 24 మి.మీ. కార్బొరేటర్‌ని రబ్బరు, క్లిప్పుతో బలవంతంగా కట్టేస్తారు. చిన్న చీలిక చాలు, స్టార్టింగ్‌లో పుట్టే కాస్త శూన్యమూ పోతుంది. స్లో మీద ఇంజిన్ వేగం ఒకసారి పెరుగుతూ ఒకసారి పడిపోతూ ఊగుతుంటే దీన్నే అనుమానించాలి. నడుస్తున్న ఇంజిన్ మీద అతుకుల దగ్గర కొద్దిగా కార్బొరేటర్ క్లీనర్ చల్లితే, అది లోపలికి దూరిన చోట ఇంజిన్ శబ్దం మారుతుంది. సైలెన్సర్ వేడెక్కాక మాత్రం ఈ పని చేయకూడదు, చల్లటి ఇంజిన్‌ని స్టార్ట్ చేసిన వెంటనే చూసుకోవాలి.

రెండు మూడు రోజులు బండి తీయకపోతేనే స్టార్ట్ కాదు, రోజూ తీస్తే బాగానే ఉంటుంది అన్నప్పుడు జెట్‌ల జోలికి పోకుండా వ్యాక్యూమ్ కాక్‌ని చూడాలి. ట్యాంకు నుంచి పెట్రోలు వదిలే ఈ కుళాయి ఇంజిన్ శూన్యంతో తెరుచుకుంటుంది. కార్బొరేటర్ గిన్నెలోది కొన్ని రోజుల్లో ఆవిరైపోతే, మళ్లీ నిండటానికి ఇంజిన్ చాలాసేపు తిరగాలి. కొత్త మానిఫోల్డుకి శూన్యం గొట్టం పెట్టే ముక్కు లేకపోతే అది అసలు తెరుచుకోదు. కొందరు కుళాయినే తీసేసి ట్యాంకు నుంచి నేరుగా పైపు కలుపుతారు. స్టార్టింగ్ సుఖంగా ఉంటుంది, కానీ గిన్నె నిండగానే పెట్రోలుని ఆపే ఫ్లోట్ సూది కొంచెం కారినా రాత్రంతా పెట్రోలు ఇంజిన్‌లోకి దిగుతుంది. పొద్దున ఆయిల్ కొలకర్ర మీద మట్టం పెరిగి పెట్రోలు వాసన వస్తే ఆ ఆయిల్‌తో ఇంజిన్ తిప్పకూడదు. సిలిండర్ నిండా పెట్రోలు ఉంటే పిస్టన్ పైకి పోలేదు, బలంగా కిక్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నేరుగా కలపక తప్పదనుకుంటే కనీసం చేత్తో మూసే కుళాయి ఒకటి మధ్యలో ఉండాలి.

ఇంజిన్ లోపలి కారణాలు

స్పార్క్, పెట్రోలు రెండూ బాగున్నా అందుకోకపోతే కంప్రెషన్ గేజ్ అవసరం. యాక్సిలరేటర్ మొత్తం తెరిచి ఇంజిన్ తిప్పితే ఈ తరహా స్కూటర్లలో చదరపు సెంటీమీటరుకి 10 నుంచి 13 కిలోల మధ్య రావడం ఆరోగ్యం. తక్కువ వస్తే ప్లగ్ రంధ్రంలోంచి చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. అప్పుడు పెరిగితే లోపం రింగులది, పెరగకపోతే వాల్వులదో హెడ్ ప్యాకింగ్‌దో. కొత్త కిట్‌లో రింగులు సిలిండర్‌తో ఇంకా సర్దుకోక మొదటి వంద రెండొందల కిలోమీటర్లు కంప్రెషన్ కొంచెం తక్కువగా ఉండొచ్చు, దానికి టెన్షన్ అవసరం లేదు.

ఇక్కడ ఒక విడ్డూరం ఉంది. లెక్క ప్రకారం 11కి 1 ఉండాల్సిన ఇంజిన్ గేజ్ మీద పాత ఇంజిన్ కన్నా తక్కువ చూపించవచ్చు. తప్పు రేసింగ్ క్యామ్‌ది. ఆ క్యామ్ ఇన్‌లెట్ వాల్వుని చాలా ఆలస్యంగా మూస్తుంది. ఎనిమిది వేల చుట్ల వేగంలో గాలి తన ఊపుతో ఇంకా లోపలికే వస్తుంటుంది కాబట్టి అది లాభం. సెల్ఫ్ వేగంలో ఆ ఊపు ఉండదు, పైకి లేస్తున్న పిస్టన్ గాలిని తిరిగి కార్బొరేటర్‌లోకే ఊదేస్తుంది. కార్బొరేటర్ నోట్లోంచి తెల్లగా పెట్రోలు తుంపర వెనక్కి రావడం దీని గుర్తు. కొన్ని ఇంజిన్ల క్యామ్ మీద స్టార్టింగ్‌లో వాల్వుని కాస్త ఎత్తిపట్టి కంప్రెషన్ తగ్గించే ఏర్పాటు ఉంటుంది, బయట దొరికే క్యామ్‌లకు అది ఉండకపోవచ్చు. రోజూ ఊళ్లో తిరిగే స్కూటర్‌కి బోర్ కిట్ వరకు సమర్థించవచ్చు గానీ, రేసింగ్ క్యామ్ వల్ల పోయేదే ఎక్కువ.

క్యామ్ మార్చకపోయినా బ్లాకు విప్పారంటే టైమింగ్ చైన్ తీసి పెట్టి ఉంటారు. 30 పళ్ల స్ప్రాకెట్ మీద ఒక్క పన్ను తేడా వస్తే క్యామ్ 12 డిగ్రీలు తప్పుతుంది, క్రాంకు లెక్కలో 24. ఇంజిన్ నడుస్తుంది, కానీ స్టార్టింగ్ కష్టమవుతుంది, పైన కూడా ఏదో వెలితిగా ఉంటుంది. పక్క మూత తీసి గుర్తులు చూసుకోవడానికి అరగంట పడుతుంది.

ట్యాపెట్ సందు, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే మీటకీ మధ్య ఖాళీ సర్దడం, దీనికన్నా చిన్న పని, దీనికన్నా ఎక్కువగా మరిచిపోయే పని. కొత్త ప్యాకింగ్ నలిగి, బోల్టులు సర్దుకున్నాక సందు మారుతుంది. సందు మరీ తగ్గితే వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోదు, కంప్రెషన్ కారిపోతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, పిస్టన్ కంప్రెషన్ మీద పైన ఉన్నప్పుడు, మాన్యువల్‌లో ఉన్న అంకెకి ఫీలర్ గేజ్‌తో పెట్టాలి. శబ్దం రాకుండా ఉండాలని చేత్తో ఊపి చూసి బిగించేసే మెకానిక్ బండిని నిశ్శబ్దం చేస్తాడు, పొద్దున్నే స్టార్ట్ కాకుండానూ చేస్తాడు.

వేడి మీద ఆగితే

పొద్దున బాగానే అందుకుని, మధ్యాహ్నం పెట్రోలు బంకు దగ్గర ఆపితే మళ్లీ అందుకోని బండి కథ వేరు. పెద్ద ఇంజిన్ ఎక్కువ వేడి పుట్టిస్తుంది, ఆపగానే ఫ్యాన్ ఆగిపోయి ఆ వేడి హెడ్ నుంచి కార్బొరేటర్‌లోకి పాకుతుంది. గిన్నెలో పెట్రోలు మరిగి మానిఫోల్డులోకి పొంగి ఇంజిన్‌ని ముంచేస్తుంది. రామగుండం ఎండల్లో ఇది రోజూ జరగొచ్చు. హెడ్‌కీ మానిఫోల్డుకీ మధ్య నల్లటి ఇన్సులేటర్ ముక్క ఒకటి ఉంటుంది. కార్బొరేటర్ మార్చేటప్పుడు అది అడ్డంగా కనిపించి డబ్బాలోకి పోతుంది. దాన్ని తిరిగి పెడితే చాలా బండ్లు బాగుపడతాయి. ఇన్సులేటర్ ఉన్నా ఇదే గొడవైతే, వేడి మీద స్పార్క్ చూడాలి. వేడెక్కాక స్పార్క్ పోయి, అరగంట చల్లారాక తిరిగి వస్తోందంటే ఇగ్నిషన్ కాయిలో, స్పార్క్‌కి సమయం చెప్పే పల్సర్ కాయిలో పోయిందన్నమాట.

2020లో బీఎస్-6 కాలుష్య నిబంధనలతో వచ్చిన ఇంజెక్షన్ స్కూటర్లకు జెట్‌ల గొడవ లేదు కానీ వేరే గొడవ ఉంది. స్టార్టింగ్‌లో ఎంత పెట్రోలు కొట్టాలో ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే చిన్న కంప్యూటర్) ఇంజిన్ వేడిని బట్టి, కంపెనీ సీసీకి రాసిపెట్టిన పట్టిక చూసి నిర్ణయిస్తుంది. పొగలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్ వేడెక్కేదాకా దిద్దుబాటు ఏమీ ఉండదు. అంటే పెద్ద బోరుకి పాత పట్టికే. ఇంజిన్ నడవడం మొదలెట్టాక సెన్సర్ కొంత సర్దుతుంది కానీ స్టార్టింగ్‌లో కాదు. పట్టిక మార్చకుండా కిట్ ఒక్కటే వేయడం సగం పనే.

పెట్రోలు కూడా మారింది. పెట్రోలు పూర్తిగా కాలడానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20కి సుమారు 13.5 పాళ్లు సరిపోతాయి. ఒకప్పటి పెట్రోలుకి సరిగ్గా కుదిర్చిన జెట్‌లోంచి ఇప్పుడు వచ్చే మిశ్రమంలో గాలి ఎనిమిది శాతం దాకా ఎక్కువ. పైగా ఇథనాల్ ఆవిరి కావడానికి పెట్రోలు కన్నా చాలా ఎక్కువ వేడి అడుగుతుంది, చలి పొద్దుల్లో ఆ తేడా తెలుస్తుంది. ఇది తేమని కూడా పీల్చుకుంటుంది, నెలల తరబడి ఆపిన బండి పైలట్ జెట్‌లో జిగురు పేరుకుంటుంది. పదేళ్ల కిందటి జెట్ నంబర్ల సలహాలను ఇవాళ ఉన్నదున్నట్టు పాటించడం అందుకే కుదరదు. పాత సలహా కన్నా ఒక మెట్టు పై నంబరు కూడా కొని పెట్టుకోవడం మంచిది.

ఇవన్నీ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చేయించుకోవచ్చు కదా అంటే, అక్కడ కుదరదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన మూల వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖరారు చేసింది. సీసీ మారిన బండికి వారంటీ ఉండదు, ప్రమాదం జరిగితే బీమా దగ్గర పేచీ వస్తుంది. కిట్ అమ్మేవాళ్లు చెప్పని ఖర్చు ఇది.

ఏది చూసినా లోపం దొరకనప్పుడు ఒక పరీక్ష మిగిలి ఉంటుంది. తీసి పక్కన పెట్టిన కంపెనీ కార్బొరేటర్, దాని మానిఫోల్డు, ఫిల్టర్ డబ్బా కడిగి కొత్త బోరు మీదే పెట్టి ఒక రాత్రి వదిలేయాలి. పొద్దున మొదటి సెల్ఫ్‌కే అందుకుంటే బోరు, వాల్వులు, స్పార్క్ అన్నీ బాగున్నట్టే, వెతకాల్సింది కొత్త కార్బొరేటర్‌లోనే. దానితోనూ మొరాయిస్తే కార్బొరేటర్‌ని వదిలేసి గేజ్, ఫీలర్ గేజ్ తీసుకుని ఇంజిన్ లోపలికి వెళ్లాలి. ఈ పరీక్ష చేసినవాళ్లలో కొందరు పైలట్, మెయిన్ జెట్‌లు ఒక్కో మెట్టు పెంచి ఆ పాత కార్బొరేటర్‌నే ఉంచేసుకుంటారు. పై వేగంలో నాలుగైదు కిలోమీటర్లు తగ్గినా, పాల ప్యాకెట్‌కి మాత్రం ఒక్క సెల్ఫ్‌కే బయల్దేరుతారు.